ఉపాధ్యాయుల మదింపు, శిక్షణ, జీతం: చట్టం చెప్పినవి, చెప్పక వదిలేసినవి

(తిరుపతిలో ఒక ఆదివారం ఉదయం ఉపాధ్యాయులు, శిక్షణ విద్యార్థులు, కొందరు తల్లిదండ్రులు కూడిన సభలో ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు చేసిన ప్రసంగమిది. రాలేకపోయిన వారి కోసం రికార్డు విని రాశాము.)

సభకు నమస్కారం. ముహూర్తాల ఆదివారం నాడు పెళ్ళి భోజనాలు వదులుకొని చట్టం గురించి వినడానికి ఇంతమంది వచ్చారంటే, విషయం మీ అందరి మెడకూ చుట్టుకునే ఉందని నాకు అర్థమవుతోంది. ఉపాధ్యాయుల పనితీరును ఎలా మదింపు చేయాలి, వారికి ఎలాంటి శిక్షణ ఇవ్వాలి, జీతం ఏ లెక్కన ఇవ్వాలి అన్న మూడు ప్రశ్నల మీద మన చట్టాలు ఏమంటున్నాయో చెప్పమని నిర్వాహకులు అడిగారు. నేను న్యాయవాదిని కాను. ముప్పై ఎనిమిదేళ్ళు బడిలో పనిచేసి, ఆ చట్టాల కింద నలిగి, వాటిని కొంచెం ఆలస్యంగా చదువుకున్న వాడిని. ఒక్క మాట అడుగుతాను. విద్యాహక్కు చట్టంలో 24వ సెక్షన్ పూర్తిగా చదివిన వారు చేతులెత్తండి. నాలుగు, ఐదు. ఫరవాలేదు, నేను చదివింది కూడా సర్వీసులో ఇరవై ఐదేళ్ళు నిండిన తర్వాతే.

చట్టానికి ముందు ఒక తీసివేత లెక్క చెబుతాను. 1986లో పలమనేరు వైపు ఒక ఊరి బడిలో చేరాను, నెలకు 398 రూపాయల మీద. ఇక్కడున్న పెద్దవారికి గుర్తుంటుంది, మమ్మల్ని 398 టీచర్లనే పిలిచేవారు. చేరిన కొన్ని నెలలకు, ఒకరోజు మొదటి బస్సుకు స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు గారు దిగారు. కుర్చీ వేయబోతే వద్దని, వెనుక చాప మీద పిల్లల పక్కన కూర్చున్నారు. నేను నల్లబల్ల మీద 42లో నుంచి 17 తీసివేయమని రాశాను. పలకలు పైకెత్తితే దాదాపు అందరి పలకల మీదా 35 ఉంది. ఎలా వచ్చిందో మీకు తెలుసు కదా? నాలుగులో ఒకటి పోతే మూడు, ఏడులో రెండు పోతే ఐదు. పెద్ద అంకెలో నుంచి చిన్న అంకె తీసేయడమే వాళ్ళకు తెలిసిన తీసివేత. నేను కేకలు వేసి, పక్కింటి నుంచి అప్పు తెచ్చుకోవాలని చెప్పి, లెక్క మళ్ళీ చేసి చూపించాను.

గంట కొట్టిన తర్వాత ఆయన నన్ను వేపచెట్టు కిందికి పిలిచి, "అబ్బాయ్, ముప్పై మంది ఒకే తప్పు చేస్తే అది పిల్లల తప్పేనా?" అని అడిగారు. నాకు మాట రాలేదు. ఆయన ఆయమ్మ దగ్గర చీపురు అడిగి పుల్లలు విరిచి, పదేసి పుల్లలను అరటినారతో కట్టలు కట్టారు. నాలుగు కట్టలు, రెండు విడి పుల్లలు ఒక పాప చేతికిచ్చి, "నాకు పదిహేడు ఇయ్యి తల్లీ" అన్నారు. ఆ పాప ఒక కట్ట ఇచ్చింది. ఇంకా ఏడు ఇవ్వాలి, చేతిలో విడివి రెండే ఉన్నాయి. కాసేపు ఆయన ముఖం చూసింది, కాసేపు కట్టల వైపు చూసింది, ఎవరూ చెప్పకుండానే ఒక కట్ట నార విప్పింది. అప్పు తెచ్చుకోవడం అంటే ఏమిటో పిల్లలకంటే ముందు నాకు తెలిసిన క్షణం అది. విజిట్ రిజిస్టరులో ఆయన రాసినవి రెండే వాక్యాలు: "తీసివేత మళ్ళీ చూడవలెను. వచ్చే నెల వస్తాను." వచ్చారు కూడా. ఆ ఒక్క పూటలో నాకు మదింపు జరిగింది, శిక్షణ జరిగింది. జీతం మాత్రం 398 దగ్గరే ఉండిపోయింది, అది వేరే సంగతి.

ఇక సర్వీసు చివరి రోజుల్లో మరొక తనిఖీ. ఏ కార్యాలయం, ఎవరు అన్నవి నేను చెప్పను, మీరు అడగవద్దు. వచ్చిన ఆయన చేతిలో ఫోను ఉంది. మరుగుదొడ్లు ఫోటో తీశారు, కోడిగుడ్లు లెక్కపెట్టారు, చిక్కీ ప్యాకెట్లు లెక్కపెట్టారు, హాజరు చూశారు, సిలబస్ ఎంతవరకు వచ్చిందని నన్నే అడిగి నేను చెప్పిందే ఎక్కించుకున్నారు. ఇరవై నిమిషాల్లో వెళ్ళిపోయారు. తరగతి గది గడప తొక్కలేదు. ఆయన చెడ్డవాడు కాదు, ఆ రోజు ఇంకా ఆరు బళ్ళు చూడాలి పాపం. ఆయన ఫోనులో గుడ్డుకు గడి ఉంది, చిక్కీకి గడి ఉంది, పాఠానికి గడి లేదు. గుడ్డు లెక్క వద్దని నేననడం లేదు, పిల్లవాడి నోటికి చేరాల్సిన గుడ్డు అది, లెక్క ఉండాల్సిందే. కానీ దాన్ని ఉపాధ్యాయుడి మదింపు అనగలమా?

ఆ చాప దగ్గర నుంచి ఈ ఫోను దాకా ఎలా వచ్చామో చూడాలంటే చట్టంలోకి వెళ్ళాలి. 1976లో 42వ రాజ్యాంగ సవరణతో విద్య ఉమ్మడి జాబితాలోకి వచ్చింది. అప్పటి నుంచి ఉపాధ్యాయుడు రెండు ఇళ్ళ అల్లుడయ్యాడు. ఏ అర్హత ఉంటే ఉపాధ్యాయుడవుతాడో కేంద్ర చట్టం చెబుతుంది, దాని తరఫున జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి, అంటే ఎన్‌సీటీఈ, నిర్ణయిస్తుంది. సర్వీసు నిబంధనలు, జీతం, బదిలీ, పదోన్నతి రాష్ట్రం చేతిలో ఉంటాయి. మరి శిక్షణ ఎవరి చేతిలో ఉంది? కొంత కేంద్రం పథకంలో, కొంత రాష్ట్రం సర్క్యులర్‌లో ఉంది. ఉద్యోగంలో ఉన్న ఉపాధ్యాయుడికి ఏటా ఇంత శిక్షణ ఇచ్చి తీరాలని ప్రభుత్వాన్ని కట్టిపడేసే సెక్షన్ ఒక్కటీ లేదు. ఈ రోజు నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఖాళీ గురించే.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. 23వ సెక్షన్ అర్హతల గురించి చెబుతుంది, జీతభత్యాలు, సర్వీసు షరతులు నిబంధనల ద్వారా నిర్ణయించుకోమని అక్కడే ఒక మాట అని ఊరుకుంటుంది. 24వ సెక్షన్ ఉపాధ్యాయుడి విధులు చెబుతుంది: క్రమం తప్పకుండా వేళకు రావాలి, పాఠ్యప్రణాళికను నిర్ణీత కాలంలో పూర్తిచేయాలి, ప్రతి పిల్లవాడి అభ్యసన సామర్థ్యాన్ని అంచనా వేసి అవసరమైన వారికి అదనంగా బోధించాలి, తల్లిదండ్రులతో సమావేశమై పిల్లల హాజరు, ప్రగతి వారికి తెలియజేయాలి. చేయకపోతే క్రమశిక్షణ చర్య తీసుకోవచ్చు. తల్లిదండ్రులు ఇక్కడున్నారు కాబట్టి గట్టిగా చెబుతున్నాను, ఉపాధ్యాయుడు బడికి రాకపోతే అడగడానికి కొత్త చట్టమేదీ అక్కర్లేదు, ఈ సెక్షన్ పదిహేనేళ్ళుగా ఉంది.

అయితే అదే చట్టం ప్రభుత్వానికీ విధులు పెట్టింది. ప్రాథమిక స్థాయిలో అరవై మంది పిల్లల దాకా ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలి, ఆ పైన సంఖ్యను బట్టి పెరగాలి. 26వ సెక్షన్ ప్రకారం ఏ బడిలోనూ మంజూరైన పోస్టుల్లో పది శాతానికి మించి ఖాళీలు ఉండకూడదు. 27వ సెక్షన్ ప్రకారం పదేళ్ళకోసారి వచ్చే జనాభా లెక్కలకు, విపత్తు సహాయానికి, ఎన్నికలకు తప్ప ఉపాధ్యాయుడిని చదువేతర పనికి పంపకూడదు. 28వ సెక్షన్ ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదంటుంది, దాన్ని మనలో కొందరు చదవనట్టే ఉంటారు. ఆ నవ్వు ఎందుకో నాకు తెలుసు. ఇక చివర ఉన్న షెడ్యూలులో వారానికి కనీసం 45 గంటల పని అని రాసి, పాఠం తయారుచేసుకునే గంటలు కూడా అందులో కలిపే అని చేర్చారు. రాత్రి ఇంట్లో కూర్చుని రేపటి పాఠం రాసుకుంటే అది పని అని చట్టం ఒప్పుకుంది. మన ఇళ్ళలోనే ఇంకా ఒప్పుకోలేదు.

ఇప్పుడు అందరూ ఎదురుచూస్తున్న టెట్, అంటే ఉపాధ్యాయ అర్హత పరీక్ష, దగ్గరికి వస్తాను. 2010 ఆగస్టు 23న ఎన్‌సీటీఈ ఇచ్చిన నోటిఫికేషన్‌తో టెట్ తప్పనిసరి అర్హత అయింది. అంతకుముందే ఉద్యోగంలో ఉన్న వారికి అది వర్తించదనుకుంటూ పదిహేనేళ్ళు గడిపాము. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పదవీ విరమణకు ఐదేళ్ళకు మించి సర్వీసు మిగిలి ఉన్న వారు రెండేళ్ళలో టెట్ ఉత్తీర్ణులు కావాలి, కాకపోతే ఉద్యోగం నిలవదు. ఐదేళ్ళలోపే మిగిలిన వారు విరమణ దాకా కొనసాగవచ్చు, కానీ టెట్ లేకుండా పదోన్నతి ఉండదు. మైనారిటీ విద్యాసంస్థల ప్రశ్నను విస్తృత ధర్మాసనానికి పంపారు. కోర్టు తన ముందున్న చట్టాన్ని చదివి అందులో ఉన్నది చెప్పింది, ఆ న్యాయమూర్తుల మీద నాకు ఫిర్యాదు లేదు. చట్టంలో లేనిదాని మీదే నా ఫిర్యాదు అంతా.

చూడండి. టెట్ అంటే 150 ప్రశ్నలు, రెండున్నర గంటలు. ఎస్జీటీల, అంటే ప్రాథమిక తరగతుల టీచర్ల, పేపరులో శిశు వికాసం, తెలుగు, ఇంగ్లీషు, గణితం, పరిసరాల విజ్ఞానం ఒక్కొక్కటి ముప్పై మార్కులు. మన రాష్ట్రంలో ఓసీలకు 60 శాతం, బీసీలకు 50, ఎస్సీ ఎస్టీలకు 40 శాతం రావాలి. టీచర్ల నియామక పరీక్ష డీఎస్సీలో దానికి 20 శాతం వెయిటేజీ ఉంది కాబట్టి కుర్రవాళ్ళు మార్కు మార్కుకూ కొట్టుకుంటారు. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు అలా పోటీపడి వచ్చిన పిల్లలు ఈ హాల్లోనే ఉన్నారు, వారికి అభినందనలు. మరి ఇంటర్ తర్వాత టీచరు శిక్షణ కోర్సు టీటీసీ చేసి, 1996లోనో 1998లోనో చేరి, ఐదు తరగతులూ ఒక్కతే చూసుకుంటూ వచ్చిన ఎస్జీటీ అమ్మ సంగతేమిటి? ఆమె ఇప్పుడు మనవడిని ఒళ్ళో పెట్టుకుని పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో చెప్పిన పియాజే సిద్ధాంత దశలు వల్లె వేస్తోంది. ఆ దశలు తరగతిలో ప్రతిరోజూ ఆమె కళ్ళ ముందే జరుగుతున్నాయి, పేర్లే తెలియవు. పేర్లు నేర్చుకోవడం తప్పు కాదు, నేర్చుకోవాలి కూడా. కానీ ఆ పరీక్షలో ఆమె పాఠం ఎలా చెబుతుందో చూసే ప్రశ్న ఒక్కటైనా ఉందా? నలభై మంది పిల్లల్లో వెనక వరుసలో నోరు విప్పని వాడిని ఎలా పట్టుకుంటుందో నాలుగు ఆప్షన్లలో తేలుతుందా?

ఇక్కడ పోల్చి చూడవలసిన సంగతి ఒకటుంది. 2017లో ఇదే విద్యాహక్కు చట్టాన్ని సవరించి, శిక్షణ లేకుండా పనిచేస్తున్న ఉపాధ్యాయులందరూ 2019 మార్చి 31లోగా కనీస అర్హత సంపాదించాలన్నారు. గడువు పెట్టారు, గడువుతో పాటు దారి కూడా చూపారు. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా డీఎల్ఎడ్ అనే ఉపాధ్యాయ శిక్షణ కోర్సు పెట్టి, ఉద్యోగం చేస్తూనే చదువుకునే వీలు కల్పించారు. ఆ కోర్సు నాణ్యత మీద నాకు అనుమానాలున్నాయి, అయినా గడువు పక్కన కోర్సు ఉంది. ఈసారి గడువు మాత్రమే ఉంది. ఉపాధ్యాయుడిని పరీక్షించే అధికారం చట్టంలో ఎంత గట్టిగా ఉందో, అతనికి నేర్పే బాధ్యత కూడా అంత గట్టిగా ఎందుకు లేదు? రెండూ ఒకే కలంతో రాయాల్సినవి కావా?

శిక్షణ గురించి మన ఉమ్మడి చిత్తూరు జిల్లాకు చెప్పుకోదగ్గ చరిత్రే ఉంది. 1986 జాతీయ విద్యావిధానం జిల్లాకొక శిక్షణ సంస్థ ఉండాలంది, అలా మనకు కార్వేటినగరం డైట్ వచ్చింది. మీలో సగం మంది అక్కడి మెట్లు ఎక్కినవారే. ఎనభైల చివరలో బ్రిటిష్ సాయంతో ప్రాథమిక విద్యా పథకం, ఏపీపీఈపీ, నడిచింది. దాని కింద ఏర్పడిన టీచర్ సెంటర్లలో పది, పన్నెండు బళ్ళ ఉపాధ్యాయులు కలిసి కూర్చుని, పిల్లల పని గోడకు తగిలించి మాట్లాడుకునేవారు. మదనపల్లె దగ్గర రుషివ్యాలీ గ్రామీణ కేంద్రం వారు చిన్న చిన్న ఊరి బళ్ళ కోసం కార్డులు, మెట్ల పద్ధతి తయారుచేశారు. ఒకే గదిలో నాలుగు తరగతుల పిల్లలు ఉంటే ఎవరి వేగంలో వాళ్ళు ముందుకు పోయే పద్ధతి అది. తమిళనాడు దాన్ని పట్టుకెళ్ళి రాష్ట్రమంతా వాడుకుంది. మన పెరటి చెట్టు కదా, మనకు మందుకు పనికిరాలేదు.

తర్వాత శిక్షణ ఏమైంది? రాష్ట్రంలో పదిమందికి నేర్పితే వాళ్ళు జిల్లాలో వందమందికి, వాళ్ళు మండలంలో వెయ్యిమందికి నేర్పే పద్ధతి వచ్చింది. పైన పాలు పోస్తే కిందికి వచ్చేసరికి నీళ్ళు. 2019లో నిష్ఠ అనే కేంద్ర శిక్షణ కార్యక్రమం వచ్చింది, కోవిడ్ తర్వాత అది ఫోనులోకి మారింది. నేనే ఒప్పుకుంటున్నాను, వీడియో నడుస్తుండగా నేను చెనిక్కాయలు వలిచాను. చివర వచ్చే ప్రశ్నలకు జవాబులు వాట్సాప్‌లో ముందే వచ్చేస్తాయి. సర్టిఫికెట్ వచ్చింది, గంటలు నమోదయ్యాయి. 2020 జాతీయ విద్యావిధానం ప్రతి ఉపాధ్యాయుడికి ఏటా కనీసం 50 గంటల వృత్తిపర అభివృద్ధి ఉండాలంటోంది. మంచిదే. కానీ విధానం చట్టం కాదు. అమ్మా, నాకు 50 గంటలు ఇవ్వలేదు అని ఏ ఉపాధ్యాయిని అయినా ఏ సెక్షన్ కింద అడగగలదు? ఇక ఆ గంటలు ఇవ్వవలసిన డైట్‌లలో అధ్యాపక పోస్టులను డెప్యుటేషన్ల మీద నెట్టుకొస్తున్న సంగతి మనకు తెలియనిది కాదు.

ఇప్పుడు జీతం. నన్ను చూసి నవ్వకండి, అందరూ దీనికోసమే కూర్చున్నారని తెలుసు. 2022 పీఆర్సీ, అంటే వేతన సవరణ, ప్రకారం ఎస్జీటీ స్కేలు 32,670 నుంచి 1,01,970 దాకా, స్కూల్ అసిస్టెంట్‌ది 44,570 నుంచి 1,27,480 దాకా. ఆ పీఆర్సీకి 2018 జూలై 1 నుంచి లెక్క, నగదు లాభం 2020 ఏప్రిల్ నుంచి, ఉత్తర్వులు వచ్చింది 2022 జనవరిలో. మధ్యంతర భృతి 27 శాతం తీసుకుంటున్న చోట ఫిట్‌మెంట్, అంటే సవరణలో ఇచ్చే అసలు పెంపు, 23 శాతం ఇస్తే విజయవాడ రోడ్లన్నీ నిండిపోయాయి, మీరూ వెళ్ళారు, నేనూ వెళ్ళాను. స్కేలులో ఏటా ఒక ఇంక్రిమెంటు. పదోన్నతి లేకుండా ఆరేళ్ళు, పన్నెండేళ్ళు, పద్దెనిమిదేళ్ళు, ఇరవై నాలుగేళ్ళు గడిస్తే ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ స్కేలు. పేరులోనే ఉంది, ఆటోమేటిక్. మధ్యలో కొన్ని మెట్లకు జీవోటీ, ఈవోటీ అనే శాఖాపరమైన పరీక్షలు అడ్డుపడతాయి. ఆ పరీక్షల్లో ఏముంటుంది? ట్రావెలింగ్ అలవెన్స్ ఎలా లెక్కించాలి, సెలవు ఎన్ని రకాలు, గ్రాంటు రికార్డు ఎలా ఉంచాలి. ప్రధానోపాధ్యాయుడికి అవన్నీ కావాలి, కాదనను. కానీ పిల్లవాడు 35 ఎందుకు రాశాడన్న ప్రశ్న నా సర్వీసు రిజిస్టరులో ఏ పేజీలోనూ లేదు.

దీన్ని మార్చాలని 2020 విధానం గట్టిగానే చెప్పింది. ఉపాధ్యాయులకు జాతీయ వృత్తి ప్రమాణాలు తయారుచేయాలి, పదోన్నతులు, జీతం పెంపు సర్వీసు కాలాన్ని, సీనియారిటీని బట్టి ఉండకూడదు, ఆ ప్రమాణాల మీద జరిగే మదింపును బట్టే ఉండాలి అంటుంది. ఈ మాట మన సంఘాల్లో ఎందరు చదివారో నాకు తెలియదు. చదివిన వాళ్ళు భయపడ్డారు. భయపడాలా వద్దా అన్నది ఒక్క సంగతి మీద ఆధారపడి ఉంటుంది: మదింపు ఎవరు, ఎలా చేస్తారు?

ఫలితాన్ని బట్టి డబ్బు ఇవ్వడం మనకు కొత్తేమీ కాదు. ఇంగ్లండులో 1862లో పిల్లవాడు పరీక్షలో గట్టెక్కితే బడికి ఇంత గ్రాంటు అని పెట్టారు. కొద్ది ఏళ్ళకే మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. అప్పుడు మన చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉంది, జిల్లా కేంద్రం కూడా చిత్తూరే, మన జిల్లా పుట్టింది 1911లో. ఊరి వీధి అరుగుల మీద పిల్లలకు ఇసుకలో అక్షరాలు దిద్దించే అయ్యవారికి ఇన్‌స్పెక్టరు ఏడాదికొకసారి వచ్చి, ఒక్కొక్క పిల్లవాడిని చదివించి, రాయించి, లెక్క చేయించి, గట్టెక్కిన తలకు ఇంత అని లెక్కకట్టేవాడు. ఏం జరిగి ఉంటుందో మీరే ఊహించగలరు. పుస్తకం తిరగేసి పట్టుకున్నా పాఠం అప్పజెప్పే పిల్లలు తయారయ్యారు. 1904లో కర్జన్ ప్రభుత్వం విద్యావిధాన తీర్మానంలో ఈ పద్ధతి వద్దని చెప్పింది.

అయితే నేను ఒకవైపే చెప్పి కూర్చోను. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే ఇంకో అనుభవం ఉంది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు మన ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో పెద్ద ప్రయోగం చేసి, 2011లో ప్రచురించారు. పిల్లల సగటు మార్కులు పెరిగిన కొద్దీ ఉపాధ్యాయుడికి బోనస్, అది కూడా సగటున ఏడాది జీతంలో మూడు శాతమే. రెండేళ్ళ తర్వాత చూస్తే, బోనస్ లేని బళ్ళతో పోలిస్తే గణితంలో మధ్యస్థంగా ఉండే పిల్లవాడు నూరుమందిలో సుమారు పదిమందిని దాటి ముందుకు వెళ్ళాడు. తెలుగులో అంతకంటే కొంచెం తక్కువ. బోనస్ లేని సైన్సు, సాంఘిక శాస్త్రాల్లో కూడా మెరుగుపడ్డారు. ఒక సంగతి గమనించండి. ఉపాధ్యాయుల గైర్హాజరు ఏమీ తగ్గలేదు. వచ్చిన రోజు చేసిన పని పెరిగింది: ఎక్కువ హోంవర్కు, అదనపు తరగతులు, సాధన పరీక్షలు. ఇది చదివినప్పుడు నాకు కొంచెం సిగ్గు, కొంచెం సంతోషం రెండూ కలిగాయి. ఈ ప్రయోగంలో పాత జీతం ముట్టుకోలేదు, ఎవరి ఉద్యోగమూ తీయలేదు, పిల్లవాడు మొదట ఎక్కడున్నాడో కొలిచి అక్కడి నుంచి ఎంత ఎదిగాడో చూశారు. దీన్ని చూపించి సీనియారిటీ తీసేయమనడం కుదరదు.

అమెరికాలో ఆ పొరపాటు జరిగింది. 2009లో ఒబామా ప్రభుత్వం రేస్ టు ది టాప్ అనే పథకం కింద రాష్ట్రాలకు నిధులిస్తూ, పిల్లల పరీక్ష మార్కులను ఉపాధ్యాయుల మదింపుతో ముడిపెట్టేలా చేసింది. రాష్ట్రం తర్వాత రాష్ట్రం చట్టాలు మార్చుకుంది. న్యూయార్క్ రాష్ట్రంలో నాలుగో తరగతి చెప్పే ఒక టీచరమ్మకు ఒక ఏడు 20కి 14 పాయింట్లు వచ్చాయి, మరుసటి ఏడు 20కి 1 వచ్చింది. పిల్లల మార్కులు దాదాపు అంతే ఉన్నాయి. ఆమె కోర్టుకు వెళ్ళింది, 2016లో న్యాయమూర్తి ఆ స్కోరును నిర్హేతుకమని కొట్టివేశారు. అప్పటికే, 2015 చివర్లో, వాళ్ళ కొత్త చట్టం ఆ కేంద్ర ఒత్తిడిని తీసేసింది. లెక్క వేసే కంప్యూటరుకు ఆ తరగతి గది తెలియదు, మన ఫోను యాప్‌కు తెలియనట్టే.

ఇక్కడికి తెచ్చి చూడండి. కుప్పంలో ఒక గదిలో ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలు, కన్నడం మాట్లాడే పిల్లలు, తెలుగు పిల్లలు కలిసి కూర్చుంటారు. నగరి వైపు చాలా ఇళ్ళలో తమిళమే. వాళ్ళ తెలుగు మార్కును తిరుపతి టౌను పిల్లల మార్కుతో ఎలా తూస్తారు? చెనిక్కాయలు పీకే రోజుల్లో, బెల్లం గానుగలు ఆడే రోజుల్లో పిల్లలు బడికి రారు. అమ్మానాన్నలు బెంగళూరు కట్టడం పనులకు పోతే అవ్వ దగ్గర ఉన్న పిల్లవాడు పదిరోజులు కనిపించడు. ఇవన్నీ ఉపాధ్యాయుడు తప్పించుకోవడానికి సాకులు కావు, కొలిచేవాడు ముందు తెలుసుకోవలసిన లెక్కలు. నేను అడిగేది ఒక్కటే. మార్కు చూడండి, కానీ మార్కుతో మొదలుపెట్టకండి. ముందు పాఠం చూడండి. పాఠంలో లోపం కనిపిస్తే నేర్పండి. నేర్పిన తర్వాత కూడా లోపం అలాగే ఉంటే, అప్పుడు ఇంక్రిమెంటు గురించి మాట్లాడండి, నేను అడ్డురాను.

మన సంఘాల మీద కూడా ఒక మాట అనాలి, కోపం తెచ్చుకోకండి. 2025లో మన శాసనసభ ఉపాధ్యాయుల కోసం ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది, బదిలీల నియంత్రణ చట్టం. అది అవసరమే, ఏటా సిఫార్సుల బాధ తెలుసు. కానీ శిక్షణ కోసం చట్టం కావాలని మనం ఎప్పుడైనా కలెక్టరేట్ ముందు టెంటు వేశామా? బదిలీకి, డీఏకి, పీఆర్సీకి వేశాము. పాఠం ఎలా చూడాలో, ఎవరు చూడాలో మనమే అడగకపోతే, రేపు ఎవరో తయారుచేసిన యాప్ వచ్చి మన తలుపు తడుతుంది. అప్పుడు మళ్ళీ ధర్నా చేస్తాము.

అందుకని నేనే ఒక సెక్షన్ రాసుకొచ్చాను. రాయడం రాని వాడు రాసింది కాబట్టి భాష మోటుగా ఉంటుంది. చదువుతాను, వినండి. "ఉపాధ్యాయుడి బోధనను మదింపు చేసే అధికారి ఒక విద్యాసంవత్సరంలో కనీసం మూడు పూర్తి పీరియడ్లు తరగతిలో కూర్చుని చూడవలెను, అదే రోజు ఉపాధ్యాయుడితో మాట్లాడి, చూసినది రాతలో ఇవ్వవలెను. లోపమని నమోదు చేసిన ప్రతి అంశానికి తొంభై రోజుల్లోగా పనివేళల్లోనే శిక్షణ ఇవ్వవలెను. శిక్షణ ఇవ్వని లోపం ఆధారంగా ఏ ఉపాధ్యాయుడి ఇంక్రిమెంటు గానీ, పదోన్నతి గానీ, ఉద్యోగం గానీ నిలుపరాదు. శిక్షణ ఇచ్చిన తర్వాత అదే అధికారి మళ్ళీ వచ్చి చూడవలెను."

చివరి వాక్యం ఆ ఇన్‌స్పెక్టరు గారి దగ్గర తీసుకున్నది. తొంభై రోజులు ఎక్కువా తక్కువా, మూడు పీరియడ్లు చాలునా, ఒక మండల విద్యాధికారికి, అంటే ఎంఈవోకు, ఉన్న బళ్ళకు ఇది సాధ్యమా, ఇవన్నీ మీరు చెప్పాలి. నేను లెక్క వేస్తే ఒక్కడి వల్ల కాదని తేలింది, చుట్టుపక్కల బళ్ళను చూసే స్కూల్ కాంప్లెక్స్ ప్రధానోపాధ్యాయులను కలుపుకుంటే ఏమైనా కుదురుతుందేమో చూడాలి. కాగితం ఇక్కడ బల్ల మీద పెడుతున్నాను, పక్కన ఎర్ర పెన్ను కూడా ఉంది. టీ వచ్చేలోగా దిద్దండి.